తీరము ముందు సాగు ఓడను గుర్తించుట ఎట్లు?

చిల్లకూరు మండలమునకు ఒక కొసన జాతీయ రహదారి, మరియొక కొసన సముద్రము కలవు. రహదారిపై పోవు లారీ వెనుక వ్రాసిన సంఖ్యను చదివి, అది ఏ రాష్ట్రమునకు చెందినదో మన బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని తూర్పుకొసన ఇసుక తిన్నెలపై నిలిచి చూచునపుడు సముద్రముమీద నాలుగైదు ఓడలు కానవచ్చినను, అవి ఎవరివో, ఎక్కడనుండి వచ్చినవో, ఎంత సరకు మోయుచున్నవో చెప్పగలవారు అరుదు. లారీకి సంఖ్య ఉన్నట్లే ఓడకును సంఖ్య కలదు. లారీ దారిని కనుగొనుట కంటె ఓడ దారిని కనుగొనుట ఈ కాలమున సులభము. ఆ విధానమును పల్లెవాసులకు, ముఖ్యముగా సముద్రముపై ఆధారపడి జీవించు పట్టపు సోదరులకు తెలియజేయుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఓడల రాకపోకలు తెలుగు తీరమునకు క్రొత్త కావు. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము చరిత్రప్రసిద్ధము. తుపానులకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిని లాగికొనెడివారనియు, ఇకమీదట అట్టి అన్యాయము జరుగక నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొనబడుననియు ఆ శాసనము చాటినది. ఆనాడు ఓడవానికి తీరమునుండి రక్షణ కావలసివచ్చినది. ఈనాడు తీరవాసికి కూడ ఓడనుండి రక్షణ కావలసియున్నది. ఓడ ఏదియో తెలిసినప్పుడే ఆ రక్షణ లభించును. తెలియనిచో నష్టపడినవాని మొర వినువారుండరు.

మండలమునందలి తమ్మినపట్నము, మోమిడి ప్రాంతమునకు దాపుననే, కండలేరు ఉప్పుటేరు సముద్రమున కలియు చోట కృష్ణపట్నము రేవు కలదు. పాతకాలపు చిన్న రేవు స్థానమున నిర్మింపబడిన లోతైన నూతన రేవు 2008వ సంవత్సరము జులై 17వ తేదీన ప్రారంభింపబడినది. అప్పటినుండి బొగ్గు, ఎరువులు, వంటనూనెలు మోయు పెద్ద ఓడలు ఈ తీరమునకు వచ్చుచున్నవి. రేవులో చోటు దొరకువరకు అవి బయట సముద్రమున లంగరు వేసికొని నిలుచును. మన పడవలు వేటకు పోవు నీటిమీదనే ఆ ఓడలు నిలుచుటయు, తిరుగుటయు జరుగును. కావున ఓడను గూర్చిన జ్ఞానము మనకు వినోదము కాదు, అవసరము.

పేరులు మారును, సంఖ్య మారదు

ఓడకు పేరు కలదు గదా, సంఖ్య ఏల యని కొందరు అడుగవచ్చును. ఓడ జీవితకాలము పాతిక ముప్పది సంవత్సరములు. ఈలోగా అది పలువురు యజమానుల చేతులు మారును. యజమాని మారినప్పుడు పేరు మారవచ్చును, జెండా మారవచ్చును, పైరంగు సైతము మారవచ్చును. ఒకే పేరుగల ఓడలు లోకమున అనేకము ఉండవచ్చును. కావున పేరునుబట్టి ఓడను పట్టుకొనుట, పేరునుబట్టి తిరునాళ్ళలో మనిషిని వెదకుట వంటిది.

ఈ చిక్కును తొలగించుటకై లండను నగరమున కేంద్రముగాగల అంతర్జాతీయ నావిక సంస్థ 1987వ సంవత్సరమున ఒక ఏర్పాటు చేసినది. ప్రతి ఓడకును ఏడంకెల సంఖ్య నొకదానిని కేటాయింతురు. దానికి ముందు ఆ సంస్థ పేరులోని ఐ.ఎమ్.ఓ. అను మూడక్షరములు వ్రాయబడును. ఓడ కట్టినప్పుడు ఇచ్చిన ఈ సంఖ్య, ఆ ఓడను విరుగగొట్టువరకు మారదు. దేశాంతరములకు పోవు 300 టన్నులకు మించిన సరకు ఓడలకు 1996వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ఇది తప్పనిసరి యైనది. తరువాత వచ్చిన నిబంధనల ననుసరించి, ఈ సంఖ్యను ఓడ ఒడలిపై చెరిగిపోని విధమున, వెలుపలనుండి కానవచ్చునట్లు గుర్తింపవలెను. సాధారణముగా దీనిని ఓడ వెనుకభాగమున, అనగా అమరమున, పేరునకును, నమోదైన రేవు పేరునకును క్రింద చూడవచ్చును.

ఈ సంఖ్యలో ఒక చమత్కారము కలదు. ఏడవ అంకె మొదటి ఆరంకెలకు కాపలాదారు. మొదటి అంకెను 7తోను, రెండవదానిని 6తోను, మూడవదానిని 5తోను, ఈ విధముగా ఆరవదానిని 2తోను గుణించి, వచ్చిన లబ్ధములను కూడవలెను. మొత్తములోని చివరి అంకె, సంఖ్యలోని ఏడవ అంకె ఒకటే కావలెను. ఉదాహరణమునకు 2025వ సంవత్సరమున కేరళ తీరమున మునిగిన 'ఎమ్.ఎస్.సి. ఎల్సా 3' అను ఓడ సంఖ్య 9123221. తొమ్మిదేడులు 63, ఒకటారు 6, రెండైదులు 10, మూడు నాలుగులు 12, రెండు మూళ్ళు 6, రెండు రెళ్ళు 4. మొత్తము 101. చివరి అంకె 1. సంఖ్యలోని ఏడవ అంకెయు 1. లెక్క సరిపోయినది. దూరమునుండి చూచి వ్రాసికొన్న సంఖ్యలో ఒక అంకె తప్పుగా పడినచో ఈ లెక్క కుదరదు. బడిపంతుళ్ళు ఈ లెక్కను ఆరవ తరగతి పిల్లలచేత చేయింపవచ్చును.

జెండాను గూర్చి యొక మాట. ఓడ వెనుక వ్రాసియున్న రేవు పేరు ఆ ఓడ నమోదైన చోటును మాత్రమే తెలుపును. యజమాని ఆ దేశపువాడే కానక్కరలేదు. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు చిన్న దేశములయ్యును లోకములోని ఓడలలో పెద్దభాగము అచ్చట నమోదైయున్నవి. 2021వ సంవత్సరము మార్చి 23వ తేదీన సూయెజ్ కాలువలో అడ్డముగా చిక్కుకొని, 29వ తేదీ వరకు ప్రపంచ వర్తకమును నిలిపివేసిన 'ఎవర్ గివెన్' ఓడనే చూడుడు. యజమానులు జపాను దేశస్థులు, నడిపించు సంస్థ తైవానుది, జెండా పనామాది, ఓడలోని 25 మంది నావికులును భారతీయులు. ఇట్టి ఓడవలన నష్టము కలిగినచో ఎవరి నడుగవలెను? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట ఏడంకెల సంఖ్యతోనే ఆరంభమగును.

ఓడ కొలతలు

ఓడను గుర్తించుటలో దాని కొలతలు రెండవ ఆధారము. పొడవు, వెడల్పు అందరికిని తెలిసినవే. తక్కిన మూడింటిని కొంచెము వివరింపవలసియున్నది.

ఓడ నీటిలో ఎంతలోతు మునిగియున్నదో ఆ కొలతకు 'డ్రాఫ్టు' అని పేరు. ఓడ ముందుభాగమగు అణియమునను, వెనుక అమరమునను, నడుమను మీటర్లలో అంకెలు వ్రాసి యుండును. నీరు ఏ అంకెను తాకుచున్నదో చూచి మునిగిన లోతును చెప్పవచ్చును. సరకు దింపినకొలది ఓడ పైకి తేలును. 75,000 టన్నులు మోయగల ఓడ ఒక్క సెంటీమీటరు లోతు మునుగుటకు 60 టన్నులకు పైగా బరువు కావలెను. కావున దింపక ముందును, దింపిన తరువాతను లోతును కొలిచి, ఎన్నివేల టన్నుల బొగ్గు దిగినదో లెక్కకట్టుదురు. ఇంత బొగ్గును కాటాలో వేసి తూచుట కంటె ఓడనే కాటాగా చేసికొనుట సులభము గదా!

ఓడ మోయగల మొత్తము బరువునకు 'డెడ్‌వెయిట్' అని పేరు. సరకు, ఇంధనము, మంచినీరు, మనుషులు అన్నియు ఇందులో చేరును. 'గ్రాస్ టన్నేజి' అనునది బరువు కాదు. ఓడ లోపలి మొత్తము ఖాళీచోటును తెలుపు సంఖ్య. రెండింటిని కలగాపులగము చేయరాదు. చట్టములలో ఓడ పరిమాణమును చెప్పునపుడు సాధారణముగా గ్రాస్ టన్నేజినే చెప్పుదురు.

ఈ అంకెల వైపుల్యమును మన అనుభవముతో పోల్చి చూతము. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి ప్రవేశపెట్టిన 'జలఉష' ఓడ సుమారు 8,000 టన్నులు మోయగలది. ఆనాడు దేశమంతయు దానినిచూచి గర్వించినది. బొగ్గు రేవులకు నేడు వచ్చు మధ్యతరగతి ఓడయే దాదాపు 75,000 టన్నులు మోయును. దాని పొడవు సుమారు 225 మీటర్లు, వెడల్పు 32 మీటర్లు. నిండుబరువుతో నీటిలో మునుగు లోతు 14 మీటర్లు. ఒక్క బొగ్గు రైలు సుమారు 4,000 టన్నులు మోయుననుకొన్నచో ఆ ఓడ సరకునకు దాదాపు 19 రైళ్ళు కావలెను. 'ఎవర్ గివెన్' పొడవు దాదాపు 400 మీటర్లు. అది మోయు బరువు సుమారు రెండు లక్షల టన్నులు.

ఓడ ప్రక్కన నడుమభాగమున ఒక వలయము, దానికి అడ్డముగా ఒక గీత కానవచ్చును. ఇది బరువు హద్దు. సముద్రమున అతిగా బరువు నింపి ఓడలను ముంచుచున్న యజమానులపై ఆంగ్లదేశ శాసనసభలో పోరాడి, 1876వ సంవత్సరమున చట్టము చేయించిన శామ్యూల్ ప్లిమ్సాల్ పేరున దీనిని ప్లిమ్సాల్ గుర్తు అందురు. ఆ వలయము ప్రక్కన నిచ్చెనమెట్లవలె మరికొన్ని గీతలుండును. ఉప్పునీటిలో కంటె మంచినీటిలో ఓడ ఎక్కువ మునుగును. ఉష్ణసముద్రములలో కంటె చలికాలపు తుపాను సముద్రములలో తక్కువ బరువే వేయవలెను. అందుచే ఒక్కొక్క నీటికి ఒక్కొక్క గీత. నీరు తగిన గీతకు పైన ఉన్నచో ఆ ఓడ అతిభారముతో ఉన్నదని తెలియవలెను.

తన ఉనికిని తానే చాటు ఓడ

ఇక ఓడ ఎచ్చటనున్నదో కనుగొను విధానము. దేశాంతరములకు పోవు 300 టన్నులకు మించిన ఓడలన్నిటిలోను, స్వదేశములో తిరుగు 500 టన్నులకు మించిన సరకు ఓడలలోను, ప్రయాణికుల ఓడలన్నిటిలోను ఒక రేడియో యంత్రముండవలెనని అంతర్జాతీయ నిబంధన. 2004వ సంవత్సరాంతమునకు ఇది పూర్తిగా అమలునకు వచ్చినది. ఈ స్వయంచాలక గుర్తింపు యంత్రమును నావికులు ఏ.ఐ.ఎస్. అని పిలుతురు.

ఈ యంత్రము మూడు రకముల సమాచారమును ప్రసారము చేయును. మొదటిది మారనిది: ఓడ పేరు, ఏడంకెల సంఖ్య, పొడవు, వెడల్పు, ఓడ రకము. రెండవది క్షణక్షణము మారునది: అక్షాంశము, రేఖాంశము, వేగము, దిశ, లంగరు వేసియున్నదా, సాగుచున్నదా అను స్థితి. మూడవది ఆ ప్రయాణమునకు సంబంధించినది: చేరవలసిన రేవు, చేరు వేళ, మునిగిన లోతు. ఓడ సాగుచున్నప్పుడు తన స్థానమును రెండు మొదలు పది సెకనులకొక మారు, లంగరుపై ఉన్నప్పుడు మూడు నిమిషములకొక మారు చాటును. మారని వివరములు ఆరు నిమిషములకొక మారు వచ్చును. ఈ ప్రసారములలో ఓడ రేడియోకు గల తొమ్మిదంకెల సంఖ్య కూడ వెలువడును. అందలి మొదటి మూడంకెలు దేశమును తెలుపును. 419 అయినచో భారతదేశము, 405 బంగ్లాదేశము, 636 లైబీరియా, 538 మార్షల్ దీవులు. జెండా మారినచో ఈ తొమ్మిదంకెల సంఖ్య మారును. ఏడంకెల సంఖ్య మాత్రము మారదు.

ఈ రేడియో తరంగములు దాదాపు చూపు పోవునంత దూరమే పోవును. ఒడ్డున నిలిచిన మనిషి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉన్నచో, సముద్రము ఆకాశమును తాకు అంచు 5 కిలోమీటర్ల దూరమున మాత్రమే ఉండును. ఓడపై కట్టడము 36 మీటర్ల ఎత్తున్నచో దాని కొన మనకు 26 కిలోమీటర్ల దూరమునుండి కానవచ్చును. దీపస్తంభము పైకెక్కి చూచినచో మరింత దూరము. ఈ కారణముననే దీపస్తంభముల శాఖవారు మన దేశపు తీరమంతట దీపస్తంభములపై ఈ ప్రసారములను వినునట్టి యంత్రములను అమర్చిరి. దీపస్తంభము పూర్వము ఓడకు దారి చూపెడిది. ఇప్పుడు ఓడ మాటను వినుచున్నది కూడ.

తీరమునకు దూరముగా నడిసముద్రమునగల ఓడల ప్రసారములను ఉపగ్రహములు అందుకొనును. ఇదికాక, దూరప్రయాణపు ఓడలు ఆరు గంటలకొక మారు తమ స్థానమును ఉపగ్రహము ద్వారా తమ జెండా దేశమునకు తెలుపవలెనను మరియొక ఏర్పాటు కూడ కలదు. ఈ రెండవ సమాచారము ప్రభుత్వములకు మాత్రమే అందును.

చేతి ఫోనులో కానవచ్చు పటము

ఏ.ఐ.ఎస్. ప్రసారములు బహిరంగమైనవి. వానిని సేకరించి, ప్రపంచ పటముపై చిన్న బాణపు గుర్తులుగా చూపు సదుపాయములు నేడు చేతి ఫోనులోనే లభించుచున్నవి. కృష్ణపట్నము ముందటి సముద్రమును పటముపై తెరచి ఒక గుర్తును తాకినచో ఓడ పేరు, జెండా, కొలతలు, వేగము, పోవు రేవు కానవచ్చును. ఓడ స్థానమును డిగ్రీలు, నిమిషములలో చెప్పుదురు. కృష్ణపట్నము రేవు సుమారు 14 డిగ్రీల 15 నిమిషముల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అక్షాంశములో ఒక నిమిషము ఒక నావికమైలునకు, అనగా 1.852 కిలోమీటర్లకు సమానము. ఓడ 14 డిగ్రీల 5 నిమిషములపై ఉన్నచో, రేవునకు దక్షిణముగా పది నావికమైళ్ళు, అనగా 18 కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నదని లెక్క. వేగమును 'నాట్లు' అను కొలతలో చెప్పుదురు. గంటకు ఒక నావికమైలు పోవుట ఒక నాటు.

అయితే ఈ పటమును గ్రుడ్డిగా నమ్మరాదు. నాలుగు హెచ్చరికలు చేయుచున్నాము.

మొదటిది, గుర్తు ప్రక్కన ఆ సమాచారము ఎప్పటిదో వ్రాసియుండును. అది గంటలకొలది పాతది కావచ్చును. ముందుగా ఆ వేళను చూడవలెను. రెండవది, చేరవలసిన రేవు, మునిగిన లోతు మొదలగునవి ఓడలోని మనుష్యులు చేతితో నింపునవి. మరచిపోయినచో పాత ప్రయాణపు వివరములే ఉండిపోవును. మూడవది, యంత్రమును ఆపివేయు ఓడలును, తప్పుడు స్థానమును ప్రసారము చేయు ఓడలును లోకమున కలవు. పటముపై లేదు గనుక సముద్రముపై లేదని అనుకొనరాదు. నాలుగవది, ఫోను ఒడ్డున ఉపయోగించు సాధనము. తీరము విడిచి కొంతదూరము పోగానే దానికి సంకేతములు అందవు. పడవలో ఉన్నవానికి తన కన్నులు, తన చెవులు మొదటి రక్షణ.

గుర్తించుటవలన కలుగు మేలు

ఓడను గుర్తించుటవలన ప్రయోజనమేమియో తెలిపెడి కొన్ని ఉదంతములను చెప్పుదుము.

2012వ సంవత్సరము మార్చి 1వ తేదీన తెల్లవారక ముందే కేరళలోని ఆలప్పుళ తీరమున ఒక చేపల పడవను పెద్ద ఓడ యొకటి ఢీకొని ఆగక పోయినది. ఐదుగురు మత్స్యకారులు మరణించిరి. చీకటిలో ఢీకొన్న ఓడ పేరు ఎవరు చదువగలరు? అధికారులు ఆ వేళకు ఆ దారిన సాగిన ఓడలను ఆరా తీసిరి. సింగపూరు జెండాగల 'ప్రభుదయ' అను ఓడపై అనుమానము కలిగి, దానిని చెన్నై రేవునకు రప్పించి పరీక్షించిరి. ఓడల దారులు నమోదుకాని కాలమున ఆ ఓడ వేల ఓడలలో ఒకటియై మాయమైపోయెడిది.

2017వ సంవత్సరము జనవరి 28వ తేదీ వేకువన మనకు దక్షిణమున ఎన్నూరు వద్దగల కామరాజరు రేవు ముందు 'బి.డబ్ల్యు. మేపుల్', 'డాన్ కాంచీపురం' అను రెండు ఓడలు ఢీకొనినవి. నూనె సముద్రమున ప్రవహించి ఒడ్డున నల్లని బురదగా పేరుకొన్నది. దానిని బకెట్లతో తోడి పోయవలసివచ్చినది. చేపలు కొనువారు లేక మత్స్యకారులు నష్టపడిరి.

లంగరు వేసిన ఓడ కదలదని అనుకొనుటయు పొరపాటే. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో తీవ్ర వాయుగుండము కాకినాడ ప్రాంతమున తీరము దాటిన సమయమున, విశాఖపట్టణము వెలుపల లంగరుపై నిలిచిన బంగ్లాదేశపు సరకు ఓడ 'మా' లంగరును ఈడ్చుకొనుచు వచ్చి, తెన్నేటి ఉద్యానవనము చెంత ఒడ్డున పడినది. గాలివాన దినములలో లంగరుపైనున్న ఓడలకు సమీపమున పడవ నిలుపరాదు.

ఇటీవలి ఉదంతము 'ఎమ్.ఎస్.సి. ఎల్సా 3'ది. లైబీరియా జెండాగల ఈ ఓడ విళింజము నుండి కొచ్చికి పోవుచు 2025వ సంవత్సరము మే 24వ తేదీన ఒరిగి, 25వ తేదీన మునిగినది. నావికులు 24 మందియు రక్షింపబడిరి. 640 పెట్టెలు సముద్రము పాలైనవి. వానిలో 13 పెట్టెలయందు అపాయకరమైన సరకు ఉండెను. పెట్టెలు, ప్లాస్టిక్కు గుళికలు కేరళ తీరమునకు కొట్టుకొనివచ్చినవి. గుళికలు తమిళనాడు తీరమును కూడ చేరినవి. ఓడ ఏదియో, దానిని నడుపు సంస్థ ఏదియో స్పష్టముగా తెలియుటచే కేరళ ప్రభుత్వము ఉన్నత న్యాయస్థానమున 9,531 కోట్ల రూపాయల పరిహారము కోరుచు దావా వేయగలిగినది. ఆ నష్టపరిహారమునకు హామీగా అదే సంస్థకు సంబంధించిన మరియొక ఓడను నిలిపివేయుటకు న్యాయస్థానము ఆజ్ఞ యిచ్చినది. ఓడ గుర్తు తెలియనిచో మత్స్యకారుని నష్టమునకు ప్రతివాదియే ఉండడు.

ఇక్కడ మరియొక మాట. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పెట్టెలను, పీపాలను తెరువరాదు, తాకరాదు. వానిలో కొన్నిటియందు నీరు తగిలిన మండు పదార్థములు ఉండవచ్చును. దూరముగా నిలిచి, పిల్లలను, పశువులను దగ్గరకు రానీయక అధికారులకు తెలుపవలెను.

ఓడ మనలను చూచుచున్నదా?

మనము ఓడను గుర్తించుట సగము పని. ఓడ మనలను గుర్తించునట్లు చేయుట తక్కిన సగము. చేపల పడవ చిన్నది. ఫైబరుతోను, కొయ్యతోను చేయబడినది. ఇనుప ఓడవలె అది రాడారునకు స్పష్టముగా తోచదు. ఓడ నడుపు గది సాధారణముగా వెనుకభాగమున ఉండును. అచ్చటనుండి చూచువానికి అణియము ముందటి నీరు కొంతదూరము మరుగగును. ఆ మరుగు ఓడ పొడవునకు రెండింతలు గాని, 500 మీటర్లు గాని, ఏది తక్కువైన అంతకు మించరాదని నిబంధన. అనగా అంతవరకు మరుగు ఉండవచ్చునన్నమాట. ఆ నీటిలో మన పడవ యున్నచో ఓడవానికి కానరాదు.

12 నాట్ల వేగముతో వచ్చు ఓడ గంటకు 22 కిలోమీటర్లు పోవును. పది కిలోమీటర్ల దూరమున కానవచ్చిన ఓడ అరగంట తిరుగకుండనే మన పడవను చేరును. వల తీయుటకు అంతకంటె ఎక్కువ సమయము పట్టవచ్చును. నిండుసరకుతోగల పెద్ద ఓడ యంత్రమును వెనుకకు త్రిప్పినను కొన్ని కిలోమీటర్లు ముందుకు సాగిన తరువాతగాని నిలువదు. వలవేసి చేపలు పట్టుచున్న పడవకు దారి విడువవలెనని అంతర్జాతీయ సముద్ర నియమము ఉన్నమాట నిజమే. కాని రేవులోనికి పోవు ఇరుకు కాలువలో పెద్ద ఓడకు అడ్డము రాకూడదని పడవలకు కూడ నియమము కలదు. న్యాయము మనవైపున్నను ప్రాణము పోయిన పిమ్మట ఆ న్యాయము ఎవరికి?

రాత్రివేళ ఓడ దిశను దీపములనుబట్టి తెలిసికొనవచ్చును. ఓడకు ఎడమవైపున ఎఱ్ఱదీపము, కుడివైపున పచ్చదీపము ఉండును. పెద్ద ఓడకు స్తంభములపై రెండు తెల్లదీపములుండును. వెనుకది ముందుదానికంటె ఎత్తున ఉండును. ఎఱ్ఱదీపము మాత్రమే కనబడినచో ఓడ తన ఎడమవైపును మనకు చూపుచు పోవుచున్నది. పచ్చదీపము మాత్రమే కనబడినచో కుడివైపును చూపుచున్నది. రెండును ఒక్కసారి కనబడి, తెల్లదీపములు ఒకదానిమీద నొకటి నిలువుగా నిలిచినచో ఓడ సూటిగా మనమీదికే వచ్చుచున్నది. పగటివేళ మరియొక పరీక్ష కలదు. పడవలోని ఒక గుంజతో ఓడను గురిచూడుడు. మీ పడవ దిశ మారకుండగా, కొంతసేపైనను ఓడ ఆ గుంజకు ఎదురుగనే ఉండి అంతకంతకు పెద్దదగుచున్నచో గుద్దుకొను ప్రమాదము కలదు. వెంటనే తొలగవలెను.

ప్రతి పడవలోను తెల్లని వెలుగునిచ్చు దీపము, రాడారు తరంగములను తిరుగగొట్టు లోహపు పలకల సాధనము, ప్రాణరక్షక కవచములు ఉండవలెను. ఇదిగాక, మన అంతరిక్ష పరిశోధన సంస్థవారు చేపల పడవలకొరకు ఉపగ్రహముతో మాటాడు ట్రాన్స్‌పాండరు అను యంత్రమును రూపొందించిరి. దీనిని దేశములోని తీరప్రాంతములన్నిటిలోను లక్ష పడవలకు అమర్చు పథకమును 2024వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ప్రధానమంత్రి పాల్ఘర్‌లో ప్రారంభించిరి. ఫోను సంకేతములు అందని చోటనుండి కూడ దీనిద్వారా ఆపద సందేశము పంపవచ్చును. తుపాను హెచ్చరిక అందుకొనవచ్చును. మీ పడవకు ఈ యంత్రము లభించు విషయమై మత్స్యశాఖ కార్యాలయమున విచారింపవలెను. అమర్చిన యంత్రమును ఆపివేయుట, కన్ను మూసికొని నడచుట వంటిది.

ఏమి వ్రాసికొనవలెను?

ఓడవలన వల తెగినను, పడవ దెబ్బతిన్నను, అనుమానాస్పదమైన ఓడ కనబడినను ముందు మనుష్యుల ప్రాణములు కాపాడుకొనుడు. పిమ్మట ఈ ఆరు విషయములను గుర్తుంచుకొని, వీలైనంత త్వరలో వ్రాసికొనుడు.

1. వేళ. గడియారము చూచి గంట, నిమిషము. అన్నిటికంటె ఇది ముఖ్యము.

2. చోటు. పడవలోని యంత్రము చూపు అక్షాంశ, రేఖాంశములు. యంత్రము లేనిచో ఏ ఊరికి ఎదురుగా, ఒడ్డునుండి ఎంతసేపటి ప్రయాణమో.

3. ఓడ ఏ దిక్కునుండి వచ్చి ఏ దిక్కునకు పోయినది.

4. పేరు, ఏడంకెల సంఖ్య, వెనుక వ్రాసిన రేవు పేరు. అన్నియు చదువ వీలుకానిచో చదివినంతవరకే.

5. రూపము. ఒడలి రంగు, పొగగొట్టముపై గుర్తు, పైన పెట్టెలున్నవా, సరకెత్తు క్రేనులున్నవా, గొట్టములున్నవా, బల్లపరుపు మూతలున్నవా.

6. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము.

వేళయు చోటును సరిగా తెలిసినచో, పేరు చదువలేకపోయినను అధికారులు నమోదైన ఓడదారులను వెదకి ఆ ఓడను కనుగొను అవకాశము కలదు. సముద్రముపై ఆపద కలిగినచో తీరరక్షక దళమునకు 1554 సంఖ్యతోను, తీరభద్రతా పోలీసులకు 1093 సంఖ్యతోను ఫోను చేయవలెను. రేడియో గలవారు 16వ ఛానెలుపై పిలువవలెను. ఒడ్డునకు వచ్చిన తరువాత సమీపమునగల సముద్రతీర పోలీసు ఠాణాలో వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, రసీదు పొంది, నకలు మత్స్యశాఖవారి కీయవలెను.

2008వ సంవత్సరము నవంబరులో బొంబాయిపై దాడి చేసినవారు 'కుబేర్' అను మన చేపల పడవనే చెరపట్టి వచ్చిరి. ఆనాటినుండి పడవల నమోదు విషయమున ప్రభుత్వము మరింత శ్రద్ధ వహించుచున్నది. ఓడకు సంఖ్య ఉండవలెనని కోరు మనము మన పడవ సంఖ్యను కూడ స్పష్టముగా వ్రాసికొనవలెను. ఉప్పుగాలికి రంగు వెలసిన సంఖ్యను ఏటేట తిరిగి వ్రాయింపవలెను. ఆపదలో వెదకవచ్చినవారికి ఆ సంఖ్యయే మన పేరు.

తీరగ్రామములందలి మత్స్యకారుల సహకార సంఘములు, పంచాయతీలు పడవలు దిగు చోట ఒక బల్లను నాటి, పై ఆరు విషయములను, రెండు ఫోను సంఖ్యలను పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది. చదువురాని పెద్దలకు చదువుకొన్న పిల్లలు చదివి వినిపింపవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక రంగుడబ్బా, ఒక కుంచె, ఒక పూట శ్రమ చాలును.